బాజియోని వద్దన్న కోచ్

2022 మే 4 రాత్రి. మన దగ్గర అప్పటికే 5వ తేదీ వేకువజాము రెండు దాటింది, ఛాంపియన్స్ లీగ్ చూసేవాళ్లకి ఆ నిద్రలేమి కొత్తేం కాదు. మాడ్రిడ్‌లోని బెర్నబావు స్టేడియంలో సెమీఫైనల్. తొంభయ్యో నిమిషం దగ్గరపడే దాకా రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తే మాంచెస్టర్ సిటీ 5-3తో ముందుంది. ఇక రియల్ మాడ్రిడ్ పని అయిపోయిందని టీవీ కట్టేసి పడుకున్నవాళ్లు పొద్దున్నే స్కోరు చూసి తల పట్టుకున్నారు, ఎందుకంటే సబ్‌స్టిట్యూట్‌గా దిగిన రోడ్రిగో రెండు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి ఆటని ఎక్స్‌ట్రా టైమ్‌కి లాక్కెళ్లాడు.

ఎక్స్‌ట్రా టైమ్‌లో కెమెరా ఓసారి లైన్ పక్కకి తిరిగింది. రియల్ కోచ్ కార్లో ఆంచెలొట్టి, 62 ఏళ్ల మనిషి, ఎప్పట్లాగే చూయింగ్ గమ్ నములుతూ నిలబడి ఉన్నాడు. పక్కన అతని ఆటగాళ్లు క్రోస్, మార్సెలో. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు, ఇప్పుడు ఎవర్ని దించుదామని. క్రోస్‌ని 68వ నిమిషంలో బయటికి పిలిచింది ఈ కోచే, అతని బదులు దించిందే రోడ్రిగోని. ఇంకొకడైతే మొహం మాడ్చుకుని బెంచీ చివర కూర్చునేవాడు. క్రోస్ వచ్చి సలహా చెప్తున్నాడు, కోచ్ వింటున్నాడు.

ఆ వీడియో తెగ తిరిగింది. ఈయనకి సొంత ప్లాన్ అంటూ ఏమీ లేదు, కుర్రాళ్లని అడిగి నెట్టుకొస్తాడు, మిగతాది అదృష్టం అని నవ్వినవాళ్లున్నారు. నిజానికి ఆంచెలొట్టి మీద ఉన్న పాత అభియోగమే ఇది: పేరు పెట్టి చెప్పుకోదగ్గ సిస్టమ్ లేదు, శిష్యగణం లేదు, ఎడమ కనుబొమ్మ పైకెత్తడం తప్ప గుర్తుండిపోయే ముద్ర ఏమీ లేదు. ఆ రోజు అవతలి లైన్ దగ్గర ఉన్న సిటీ కోచ్ గార్డియోలా పేరు చెప్తే ఒక ఆటతీరు కళ్ల ముందు కదులుతుంది, ఆంచెలొట్టి పేరు చెప్తే కప్పులే గుర్తొస్తాయి. కానీ కోచ్‌గా ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచినవాడు ఇంకొకడు లేడు. ఐదుసార్లు అదృష్టం కలిసొచ్చిందంటే నమ్మడం కష్టం. అసలు సంగతేంటంటే ఆంచెలొట్టికి ఒకప్పుడు సిస్టమ్ ఉండేది, అదీ మామూలుది కాదు, ఉడుంపట్టు. దాన్ని వదిలేయడమే అతని కెరీర్.

ఇటలీలోని ఎమీలియా ప్రాంతం, రెజ్జోలో అనే చిన్న ఊరు. 1959 జూన్ 10న పుట్టాడు. నాన్నది పాడి, వ్యవసాయం, పార్మీజాన్ జున్ను తయారీ. ఈ జున్ను కనీసం ఏడాది మాగితే గానీ అమ్మకానికి రాదు, అంటే ఇవాళ పడ్డ కష్టానికి డబ్బు చేతికందేది ఎప్పటికో. ఆంచెలొట్టి ఓపిక గురించి రాసేవాళ్లందరూ ఈ జున్ను దగ్గర ఓ నిమిషం ఆగుతారు, మనమూ ఆగాం, ముందుకెళ్దాం.

పార్మాలో మొదలుపెట్టి 1979లో రోమాకి వెళ్లాడు. అక్కడి కోచ్ నీల్స్ లీడ్‌హోమ్, స్వీడన్ మనిషి, ఒకప్పుడు మిలాన్‌కి ఆడిన మిడ్‌ఫీల్డర్, గొంతు పెంచి మాట్లాడటం ఎరగనివాడు. ఆ టీమ్‌లో పెద్ద దిక్కు బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ ఫల్కావ్. అతని పక్కన పరిగెత్తి ఖాళీలు పూడ్చే పని ఆంచెలొట్టిది. 1983లో రోమా లీగ్ గెలిచింది. కానీ మోకాళ్లు సహకరించలేదు. 1981లో ఒక మోకాలు పోయి 1982 ప్రపంచకప్ చేజారింది, ఆ కప్పు ఇటలీయే గెలిచింది. 1983 చివర్లో రెండో మోకాలు. దాంతో 1984లో సొంత మైదానంలోనే జరిగిన యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ కూడా ఆడలేకపోయాడు, రోమా పెనాల్టీల్లో లివర్‌పూల్ చేతిలో ఓడింది. పాతికేళ్లు నిండేలోపే ఇదంతా.

ఇలాంటి మోకాళ్లున్నవాణ్ణి 1987లో మిలాన్ కొనడానికి యజమాని బెర్లుస్కోని తటపటాయించాడు. పట్టుబట్టి తెప్పించుకున్నది కొత్త కోచ్ అర్రీగో సాక్కి. సాక్కి ఎప్పుడూ ప్రొఫెషనల్‌గా ఆడలేదు, బూట్లు అమ్మిన మనిషి, కానీ ఫుట్‌బాల్‌ని ఎలా ఆడాలో తనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మాడు, చాలావరకు నిరూపించాడు కూడా. బంతి లేకుండానే పదకొండు మందిని మైదానంలో నిలబెట్టి, బంతి ఇప్పుడు ఫలానా చోట ఉందనుకోండి అని అరుస్తుంటే అందరూ ఒకేసారి అటు జరగాలి, మళ్లీ ఇటు జరగాలి. బయటినుంచి చూసేవాడికి పిచ్చివాళ్లలా కనపడతారు. ఈ కవాతు నుంచే ఆ 4-4-2 పుట్టింది, అంటే వెనక నలుగురు డిఫెండర్లు, మధ్యలో నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ముందు ఇద్దరు స్ట్రైకర్లు. మిలాన్ 1989, 1990ల్లో వరుసగా యూరోపియన్ కప్ గెలిచింది. 1989 సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ని 5-0తో చితక్కొట్టిన రాత్రి మొదటి గోల్ ఆంచెలొట్టిదే, చాలా దూరం నుంచి కొట్టిన షాట్.

కాబట్టి 1992లో బూట్లు విప్పేసి సాక్కి దగ్గరే ఇటలీ జట్టుకి అసిస్టెంట్‌గా చేరినప్పుడు అతను అచ్చమైన భక్తుడు. 1994 ప్రపంచకప్ ఫైనల్, అమెరికాలోని పాసడీనాలో, బ్రెజిల్‌తో. పెనాల్టీ షూటౌట్‌లో ఇటలీ స్టార్ రొబెర్తో బాజియో బంతిని బారు మీంచి ఆకాశంలోకి కొట్టిన దృశ్యం ఫుట్‌బాల్ చూడనివాళ్లకి కూడా తెలుసు. ఆ రోజు ఇటలీ బెంచీ మీద ఆంచెలొట్టి ఉన్నాడు. బాజియో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

సొంతంగా కోచ్ అయ్యాక రెజ్జానాని ఒక్క ఏడాదిలో పై డివిజన్‌కి తెచ్చి, 1996లో పార్మా చేతికి తీసుకున్నాడు. బుఫోన్, కన్నవారో, తురామ్, క్రెస్పో, కియేజా, వయసులో ఉన్న కుర్రాళ్లు. వాళ్లతో మొదటి ఏడాదే యువెంటస్ కంటే రెండు పాయింట్ల తేడాతో రెండో స్థానం. బాగుంది. కానీ అదే ఏడాది జోలాతో పేచీ వచ్చింది. జోలా నంబర్ టెన్, అంటే స్ట్రైకర్ల వెనక, మిడ్‌ఫీల్డ్ ముందు, ఎటు బుద్ధి పుడితే అటు తిరిగే ఆటగాడు. 4-4-2లో ఆ చోటే లేదు. ఆంచెలొట్టి అతన్ని ఎడమ వైపు లైన్ పక్కన నిలబెట్టాడు. జోలా నవంబర్లో చెల్సీకి వెళ్లిపోయాడు, అక్కడ ఎంతటివాడయ్యాడో ఇంగ్లిష్ లీగ్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

1997లో అసలు తప్పు. బాజియో పార్మాకి రావడం దాదాపు ఖాయమైంది. ఆంచెలొట్టి వద్దన్నాడు. కారణం అదే, నా టీమ్‌లో ఇద్దరు స్ట్రైకర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, మధ్యలో తిరిగేవాడికి కుర్చీ లేదు. బాజియో బొలోనాకి వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. బాజియో విషయంలో తప్పు చేశానని ఆంచెలొట్టి తర్వాత ఎన్నోసార్లు బహిరంగంగానే ఒప్పుకున్నాడు. గెలిచిన కోచ్‌లు పాత తప్పులు చెప్పుకోవడం కొంత ఫ్యాషనే, కానీ ఇక్కడ ఆ ఒప్పుకోలు వెనక ఆచరణ కూడా కనపడుతుంది.

1999 ఫిబ్రవరిలో యువెంటస్‌కి వెళ్లాడు. అక్కడి అభిమానులకి ఇష్టం లేదు, రోమా, మిలాన్‌లలో ఆడినవాడు కదా, పైగా ఒళ్లు చేసిన మనిషి. పంది కోచింగ్ ఇవ్వలేదు అని బ్యానర్ కట్టారు. మా ప్రాంతంలో పంది పవిత్రమైనది అన్నట్టు ఆయన తిప్పికొట్టాడు, ఎమీలియాలో హామ్ తినే తీరు చూస్తే అది జోకు కూడా కాదు. సంగతి బ్యానర్ కాదు, అక్కడి నంబర్ టెన్ జిదాన్. జిదాన్‌ని తీసుకెళ్లి ఎడమ లైన్ పక్కన నిలబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? మొదటిసారి సాక్కి లెక్క పక్కన పెట్టి, ముందు ఈ మనిషి ఎక్కడ ఆడతాడో చూసి మిగతా పదిమందిని అతని చుట్టూ సర్దాడు. 4-4-2 పోయింది.

అయినా లీగ్ రాలేదు. 2000లో ఆఖరి రోజు పెరూజాలో కుండపోత వాన, చెరువైపోయిన మైదానం, 0-1తో ఓటమి, కప్పు లాజియోకి. మరుసటి ఏడాది ఇంకా విచిత్రం. 2001 ఏప్రిల్ 1న టూరిన్‌లో బ్రెష్షాతో మ్యాచ్, యువెంటస్ 1-0తో ముందుంది, 86వ నిమిషం. బ్రెష్షా మిడ్‌ఫీల్డ్ లోతుల్లోంచి ఒక కుర్రాడు తలెత్తి చూసి పొడవాటి పాస్ వేశాడు. డిఫెండర్ల వెనక పరిగెడుతున్న మనిషి భుజం మీదుగా దిగిన ఆ బంతిని ఒక్క స్పర్శతో మచ్చిక చేసి, అదే స్పర్శతో గోల్‌కీపర్ వాన్ డెర్ సార్‌ని దాటి, ఖాళీ గోల్‌లోకి తోసేశాడు. 1-1. గోల్ కొట్టింది 34 ఏళ్ల బాజియో. పాస్ వేసిన కుర్రాడు పిర్లో. ఆ ఏడాది రోమా యువెంటస్ కంటే రెండే రెండు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని ఛాంపియన్ అయింది. డ్రా అయిన ఆ మ్యాచ్‌లో పోయినవీ రెండు పాయింట్లే. తను వద్దన్న బాజియోయే వచ్చి లీగ్ పట్టుకుపోయినట్టు. సీజన్ అయ్యాక ఆంచెలొట్టి ఉద్యోగం పోయింది.

ఈ గోల్‌లో బాజియో మేజిక్ అందరూ చూస్తారు. కానీ పాస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. పిర్లో కూడా పుట్టుకతో నంబర్ టెన్. బ్రెష్షాలో ఆ చోటులో అప్పటికే బాజియో ఉన్నాడు కాబట్టి, అక్కడి పెద్దాయన, కోచ్ మజ్జోనె పిర్లోని వెనక్కి, డిఫెండర్ల ముందుకి జరిపాడు. 2001 వేసవిలో పిర్లో మిలాన్ చేరాడు, నవంబర్లో మిలాన్ కోచ్‌గా ఆంచెలొట్టి వచ్చాడు. మరుసటి వేసవిలో సీడార్ఫ్, రివాల్డో కూడా వచ్చిపడ్డారు, రుయి కోస్టా అంతకుముందే ఉన్నాడు. అందరూ పెళ్లికొడుకులే, పల్లకీ మోసేవాళ్లేరీ? పార్మా నాటి ఆంచెలొట్టి అయితే ఇద్దర్ని అమ్మేసేవాడు. ఈసారి పిర్లోయే వచ్చి నేను వెనక ఆడగలనని అడిగాడు, కోచ్ సరే అన్నాడు.

అది ఎందుకు పనిచేసిందో కాస్త నిలబడి చూద్దాం. నంబర్ టెన్ స్థానంలో బంతి అందేసరికి వీపు గోల్ వైపు ఉంటుంది, వెనకాల ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఊపిరి తగిలేంత దగ్గర్లో ఉంటాడు, తిరగడానికి ఒక సెకను కూడా దొరకదు. పిర్లో పరుగులో వేగం లేనివాడు, అక్కడ నలిగిపోతాడు. అదే మనిషి ముప్పై మీటర్లు వెనక్కొస్తే మైదానమంతా ఎదురుగా ఉంటుంది, అతని మీదికి రావాల్సింది అవతలి స్ట్రైకర్లు, వాళ్లకి వెనక్కి పరిగెత్తి కాపలా కాయడం అలవాటూ లేదు, ఇష్టమూ లేదు. ఆ రెండు సెకన్లు చాలు, నలభై మీటర్ల పాస్ పడిపోతుంది. ఇక ట్యాక్లింగ్ ఎవరు చేస్తారంటే, పక్కన గట్టూజో ఉన్నాడు, ఇద్దరి చాకిరీ ఒక్కడే చేస్తాడు, చేసి ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు చూస్తాడు. ఫల్కావ్ పక్కన పరిగెత్తిన మనిషికి గట్టూజో విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. అలా వెనక పిర్లో, ముందు ఇద్దరు టెన్‌లు, ఆపైన ఒక్క స్ట్రైకర్, కింద వెడల్పు పైకి వెళ్లేకొద్దీ సన్నం, దీన్ని క్రిస్మస్ చెట్టు అన్నారు. ఇద్దరు స్ట్రైకర్లు ఆడాల్సిందేనని బెర్లుస్కోని గొడవ పెడుతూనే ఉండేవాడు, అప్పుడప్పుడూ ఆయన మాటా చెల్లింది.

2003లో ఫైనల్లో యువెంటస్ మీద పెనాల్టీల్లో ఛాంపియన్స్ లీగ్. 2004లో లీగ్. 2005లో ఇస్తాంబుల్, ఆ పేరు మిలాన్ అభిమాని దగ్గర ఇప్పటికీ ఎత్తకూడదు: లివర్‌పూల్ మీద హాఫ్ టైమ్‌కి 3-0, తర్వాత ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ సమర్పించి, పెనాల్టీల్లో ఓటమి. మూడో గోల్ షాబీ అలొన్సోది, అతనూ తర్వాత మిడ్‌ఫీల్డర్ నుంచి కోచ్ అయ్యాడు, 2025లో రియల్‌లో ఆంచెలొట్టి కుర్చీలోనే కూర్చున్నాడు. రెండేళ్లకి ఏథెన్స్‌లో మళ్లీ లివర్‌పూల్, ఈసారి ఇన్‌జాగి రెండు గోల్స్, 2-1. నిజం చెప్పాలంటే ఏథెన్స్ మ్యాచ్‌లో మిలాన్ ఇస్తాంబుల్ మొదటి సగంలో సగం కూడా ఆడలేదు. కప్పు మాత్రం అప్పుడొచ్చింది.

చెల్సీలో 2009-10లో లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ, లీగ్‌లో 103 గోల్స్. మరుసటి ఏడాది రెండో స్థానం, ఆఖరి మ్యాచ్ ఎవర్టన్ మైదానంలో ఓడిన కొద్దిసేపటికే అక్కడే ఉద్యోగం తీసేశారు. ఎనిమిదేళ్ల తర్వాత అదే మైదానానికి ఎవర్టన్ మేనేజర్‌గా వచ్చాడు. పారిస్‌లో ఒక లీగ్. 2013లో రియల్ మాడ్రిడ్. అక్కడ పాత కథే కొత్తగా: రొనాల్డో, బెంజెమా ఉండగా బేల్‌ని కొన్నారు, దాంతో వింగర్ డి మరియాకి చోటు పోయింది. ఆంచెలొట్టి అతన్ని అమ్మకుండా, బెంచీ ఎక్కించకుండా, మిడ్‌ఫీల్డ్‌లో ఎడమ వైపు దింపాడు. 2014 లిస్బన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఓటమి ఖాయమైన వేళ ఇంజురీ టైమ్‌లో రామోస్ హెడర్ కాపాడింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో అట్లెటికో డిఫెన్స్‌ని చీల్చుకుంటూ దూసుకెళ్లి బేల్ గోల్‌కి దారి తీసింది ఆ డి మరియాయే.

ఇంతవరకూ చూస్తే ఆటగాళ్లకి తగ్గట్టు సర్దుకుపోవడమే గొప్పదనం అనిపిస్తుంది. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది, అభిమానులు అది దాటేస్తారు. 2025లో రియల్ వదిలే నాటికి, ముప్పై ఏళ్ల కోచింగ్‌లో, యూరప్‌లో అత్యంత ధనిక క్లబ్బుల్లో తిరిగి కూడా, అతను గెలిచిన పెద్ద లీగ్ టైటిళ్లు ఆరు. ఐదు దేశాల లీగ్‌లూ గెలిచిన మొదటి కోచ్ అనేది నిజమే, కానీ అందులో నాలుగు దేశాల్లో ఒక్కోటే. మిలాన్‌లో దాదాపు ఎనిమిదేళ్లకి ఒకటి. లీగ్ అంటే ముప్పై ఎనిమిది వారాల చాకిరీ, జనవరి చలిలో చిన్న ఊరికి వెళ్లి, మనసు పెట్టని ఆటగాళ్లతో కూడా గెలిచి రావాలి. అక్కడ సాక్కి కవాతు, గార్డియోలా డ్రిల్ పనికొస్తాయి, ఎందుకంటే ఆటగాడికి మూడ్ లేకపోయినా కాళ్లకి పాఠం గుర్తుంటుంది. ఆంచెలొట్టి పద్ధతి పెద్ద ఆటగాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడే రాత్రుల కోసం.

బయర్న్ మ్యూనిక్‌లో ఇది బట్టబయలైంది. మూడేళ్లు గార్డియోలా దగ్గర ప్రతి అడుగూ లెక్కగా వేయడం నేర్చిన ఆటగాళ్లకి ఈయన ట్రైనింగ్ సెలవుల్లా అనిపించింది. 2017లో లీగ్ గెలిచాడు, సెప్టెంబర్లో పారిస్ చేతిలో 3-0 ఓటమి తర్వాత తీసేశారు, ఐదుగురు ఆటగాళ్లు అతనికి వ్యతిరేకంగా ఉన్నారని క్లబ్ అధ్యక్షుడే చెప్పాడు. అందర్నీ కలుపుకుపోయే కోచ్ అని పేరున్నవాడికి అంతకంటే అవమానం ఏముంటుంది? తర్వాత నాపొలి. 2019 నవంబర్లో ఆటగాళ్లని ఇళ్లకి పంపకుండా క్యాంపులో ఉంచాలని క్లబ్ యజమాని ఆర్డర్ వేస్తే ఆటగాళ్లు తిరగబడ్డారు, ఆంచెలొట్టి తనకీ ఆ నిర్ణయం నచ్చలేదని బయటికే చెప్పాడు. డిసెంబర్లో గెంక్‌ని 4-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ తర్వాతి రౌండ్‌కి చేరిన రాత్రే పొమ్మన్నారు. బదులు వచ్చినవాడు గట్టూజో. అవును, ఆ గట్టూజోయే.

ఎవర్టన్‌లో పదో స్థానంతో ముగించాక ఇక కథ అయిపోయిందనుకున్నారు. 2021లో రియల్ మళ్లీ పిలిచింది. 2022లో ఛాంపియన్స్ లీగ్, లీగ్ రెండూ. 2023లో బెంజెమా వెళ్లిపోతే బదులు పెద్ద స్ట్రైకర్ని కొనలేదు, అప్పు మీద హోసెలు వచ్చాడు, మిడ్‌ఫీల్డర్ బెల్లింగమ్‌ని కొన్నారు. గోల్‌కీపర్ కుర్త్వా, ఇద్దరు సెంటర్ డిఫెండర్లు మోకాళ్లు విరగ్గొట్టుకున్నారు. స్ట్రైకర్ లేని చోట బెల్లింగమ్‌ని వజ్రాకారపు మిడ్‌ఫీల్డ్ పైకొనలో పెట్టి, ఖాళీగా ఉన్న పెనాల్టీ ఏరియాలోకి ఆలస్యంగా జొరబడమన్నాడు, అతను లీగ్‌లో 19 గోల్స్ కొట్టాడు. డిఫెండర్ లేని చోట మిడ్‌ఫీల్డర్ షువమెనీ దిగాడు. ఎక్కడ చిల్లు పడితే అక్కడ ఒక మిడ్‌ఫీల్డర్‌తో పూడ్చాడు, లీగ్‌తో పాటు వెంబ్లీలో డోర్ట్‌ముండ్ మీద 2-0తో ఐదో ఛాంపియన్స్ లీగ్ తెచ్చాడు. కోచింగ్ పరంగా ఇదే అతని అత్యుత్తమ సీజన్, మిలాన్ రోజులతో కలిపి చూసినా.

మరుసటి ఏడాది ఎంబాపె వచ్చాడు, క్రోస్ రిటైరయ్యాడు. బయటినుంచి చూస్తే లాభసాటి బేరం. మైదానంలో మాత్రం ఎంబాపె, వినిసియస్, రోడ్రిగో, బెల్లింగమ్ నలుగురూ ముందే ఉన్నారు, వెనక బంతిని నెమ్మదిగా తిప్పేవాడు లేడు, పోయిన బంతి కోసం వెనక్కి పరిగెత్తేవాడు అంతకంటే లేడు. ఆ సీజన్లో బార్సిలోనాతో నాలుగు మ్యాచ్‌లు ఆడి నాలుగూ ఓడిపోయారు, అర్సెనల్ క్వార్టర్‌ఫైనల్లోనే ఇంటికి పంపింది. అందర్నీ ఆడించాలనే గుణం అతని బలం, ఆ ఏడాది అదే మెడకి చుట్టుకుంది. వాళ్లలో ఒకణ్ణి కూర్చోబెట్టాల్సింది. పార్మా నాటి మొండివాడైతే కూర్చోబెట్టేవాడేమో, అదొక వింత.

2025 మేలో బ్రెజిల్ జట్టుకి కోచ్ అయ్యాడు. జాతీయ జట్టులో ఆటగాళ్లు దొరికేదే నెలకో రెండు నెలలకో పది రోజులు, సిస్టమ్ నూరిపోసే టైమ్ ఎవరికీ ఉండదు, ఆ రకంగా ఇది అతనికి సరిపోయే ఉద్యోగమే. జూన్ 10న, సరిగ్గా 66వ పుట్టినరోజు నాడు, సావో పౌలోలో పరాగ్వేని 1-0తో ఓడించి 2026 ప్రపంచకప్‌కి బెర్త్ ఖాయం చేసుకున్నారు. దానికి కొద్ది రోజుల ముందు అతను ప్రకటించిన మొదటి జట్టులో అందరి కళ్లూ పడ్డ పేరు ఒకటుంది, ఏడాదిన్నరకి పైగా బ్రెజిల్ పక్కన పెట్టేసిన 33 ఏళ్ల డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కసెమీరో. బెర్నబావులో ఆ రాత్రి 75వ నిమిషంలో ఆంచెలొట్టి బయటికి పిలిచిన మనిషే.